బొంగరం పేరు పెట్టుకున్న యంత్రం

లాటిన్‌లో ‘టర్బో’ అంటే సుడి, బొంగరం. 1822లో ఫ్రాన్స్‌కు చెందిన క్లోడ్ బుర్డాన్ ఆ మాట నుంచే ‘టర్బైన్’ అనే పేరు పుట్టించాడు. ఇంతకన్నా నప్పే పేరు నాకు తోచదు. నీరో, గాలో, ఆవిరో తోస్తుంటే తిరగడమే దాని పని. తిరిగే షాఫ్ట్‌కు జనరేటర్ తగిలిస్తే కరెంటు వస్తుంది, ప్రొపెల్లర్ తగిలిస్తే ఓడ కదులుతుంది.

కిటుకంతా రెక్కల ఒంపులో ఉంది. లెస్టర్ పెల్టన్ 1880లో పేటెంట్ తీసుకున్న చక్రాన్నే చూడండి. దాని అంచు చుట్టూ జంట గిన్నెలు, ఒక్కో జంట మధ్యలో నిలువుగా ఒక గట్టు. వేగంగా దూసుకొచ్చిన నీటిధార ఆ గట్టు మీద రెండుగా చీలి, గిన్నెల ఒంపు వెంట దాదాపు వెనక్కి తిరుగుతుంది. చక్రం ధార వేగంలో సుమారు సగం వేగంతో కదులుతుంటే, బయటికొచ్చే నీటిలో ఊపు దాదాపు మిగలదు. నిస్సత్తువగా కిందికి జారిపోతుంది. దాని శక్తంతా చక్రం లాగేసుకుందన్నమాట!

ఆవిరి అంత సులువుగా లొంగలేదు. ఒత్తిడినంతా ఒక్కసారే వదిలితే అది భయంకరమైన వేగం అందుకుంటుంది. ఒకే చక్రంతో ఆ వేగాన్ని పట్టబోయిన స్వీడన్ ఇంజనీరు డి లావల్ టర్బైన్ నిమిషానికి 30,000 చుట్లు తిరగాల్సి వచ్చింది. 1884లో బ్రిటన్ ఇంజనీరు చార్లెస్ పార్సన్స్ వేరే దారి పట్టాడు. కదలని రెక్కల వరుస ఒకటి, తిరిగే వరుస ఒకటి, ఇలా ఎన్నో పేర్చి, మెట్టు మెట్టుకీ కొంచెం కొంచెంగా ఒత్తిడి దింపాడు. అసలైన తెలివి ఇదేనని నా అభిప్రాయం. దిగేకొద్దీ ఆవిరి వ్యాకోచిస్తుంది కాబట్టి రెక్కలూ పొడవవుతాయి. నేటి పెద్ద టర్బైన్లలో చివరి వరుస రెక్క మీటరు దాటుతుంది. 1897లో పార్సన్స్ ఓడ ‘టర్బీనియా’ బ్రిటిష్ నౌకాదళ ప్రదర్శన మధ్య దూసుకుపోతే, కాపలా పడవలు దాన్ని అందుకోలేకపోయాయి.

గాలిమర మాత్రం గాలి శక్తినంతా తీసుకోలేదు. పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారేదీ? అందుకే ఎంత గొప్పగా చేసినా 59.3 శాతమే హద్దు. విమానం జెట్ ఇంజన్లోనూ టర్బైనే ఉంటుంది, ముందున్న కంప్రెసర్‌ను, అంటే గాలిని నొక్కి లోపలికి పంపే భాగాన్ని, తిప్పేది అదే.

కరెంటు కేంద్రంలో పెద్ద ఆవిరి టర్బైన్‌ను ఆపినా, దానిలో తిరిగే భాగమైన రోటర్‌ను వెంటనే కదలకుండా వదిలేయరు. వదిలేస్తే వేడి పైకి చేరి పైభాగం ఎక్కువ సాగుతుంది, అన్ని టన్నుల ఉక్కూ వంగిపోతుంది. అందుకే అది చల్లారేదాకా గంటల తరబడి చిన్న మోటారుతో మెల్లగా తిప్పుతూనే ఉంటారు.