లాక్‌డౌన్‌లో పసిపిల్లలతో సతమతం: అపోహలు - వాస్తవాలు

అపోహ: అమ్మానాన్నలిద్దరూ ఇంట్లోనే ఉంటే పిల్లల్ని చూసుకోవడం సులువే.
వాస్తవం: 2020 కరోనా లాక్‌డౌన్‌లో ఇంట్లో మనుషులున్నా ఎవరి చేతులూ ఖాళీగా లేవు. బడి మూతపడింది, పెద్దవాళ్ల సాయం ఆగింది, ఆఫీసు పని ఇంట్లోకే వచ్చింది. ‘ఇద్దరం చూస్తున్నాం’ అంటే ఎవరూ చూడట్లేదనే లెక్క. గంటలు పంచుకోండి. 9 నుంచి 11 దాకా ఒకరు, ఆ తర్వాత మరొకరు. వంతు లేనివాళ్లు వేరే గదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి. కళ్లెదుట ఉంటే పిల్లలు వాళ్ల దగ్గరికే పోతారు. నిమిషాల లెక్కన టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటిస్తే గోడకే అందం. నిద్ర, తిండి వేళలు తప్పకుండా ఉంటే చాలు.

అపోహ: మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందంటే మొండితనమే.
వాస్తవం: దినచర్య చెదిరినప్పుడు చిన్నపిల్లలు మానేసిన పాత అలవాట్లకు కొంత వెనక్కి వెళ్తారు. వేలు చీకడం, చెయ్యి వదలకపోవడం కూడా అలాంటివే. తిట్టకుండా దుప్పటి మార్చండి. మూత్రంలో మంట, జ్వరం, అతిదాహం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: ఫోన్ ఇచ్చామంటే పిల్లలు పాడైపోయినట్టే.
వాస్తవం: 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒకరోజు అది దాటితే కొంప మునగదు. ఆ ఫోన్ నిద్రనూ పరుగులాటనూ మింగేస్తేనే చిక్కు. 3-4 ఏళ్ల వాళ్లకు 10-13 గంటల నిద్ర, విడతలవారీగానైనా 3 గంటల కదలిక కావాలి. వీడియో మధ్యలో లాక్కుంటే పేచీ ఖాయం. తర్వాతది దానంతటదే మొదలవకుండా సెట్టింగ్ ఆపేసి, ‘ఇది అయ్యాక స్నానం’ అని ముందే చెప్పండి.

అపోహ: మంచి అమ్మానాన్నలకు కోపం రాదు.
వాస్తవం: వస్తుంది. పళ్లు బిగుసుకోవడం, ఒకే మాట మూడోసారి గొంతు పెంచి అనడం దాని ముందు గుర్తులు. అక్కడే ఆగాలి. పసిబిడ్డయితే ఉయ్యాలలోనో తొట్టెలోనో వెల్లకిలా పడుకోబెట్టి, బయటికొచ్చి 5 నుంచి 10 నిమిషాలు ఊపిరి తీసుకోండి. ఏడ్చినా ఫరవాలేదు, మధ్యలో తొంగిచూడండి. ఎంత విసిగినా బిడ్డను పట్టుకుని కుదపొద్దు. తల బరువు, మెడ బలహీనం, మెదడులో రక్తస్రావమై ప్రాణాలే పోవచ్చు.

అరిచేశారా? మోకాళ్ల మీద కూర్చుని, ‘గట్టిగా అరిచాను, తప్పు నాది’ అనండి. వెంటనే ‘నువ్వు అలా చేశావు కాబట్టే’ అని తగిలించొద్దు, చెప్పిన క్షమాపణ కాస్తా చెరిగిపోతుంది.

రెండు వారాలుగా నిద్ర పట్టక, దేనిమీదా మనసు నిలవకపోతే డాక్టరుతో ఫోన్‌లోనైనా మాట్లాడండి. మీకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం బిడ్డను వేరేవాళ్ల చేతికిచ్చి, ఆ నిమిషమే సాయం అడగాలి.