పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల వాటా: అపోహలు – వాస్తవాలు

అపోహ: కట్నం ఇచ్చి పంపేశాం, ఇక పొలంలో వాటా ఉండదు.

వాస్తవం: టెక్కలి, పలాస, నరసన్నపేట ఎటు వెళ్లినా ముందు వినిపించే మాట ఇదే. కట్నం ఎంత ముట్టజెప్పినా హక్కు పోదు. హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన 2005 సవరణ ప్రకారం పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంటుంది.

4 ఎకరాల పిత్రార్జితం, తల్లి, తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకోండి. తండ్రి వీలునామా రాయకుండా ఇటీవల పోయారు, నాయనమ్మ లేదు. ముందు తండ్రికీ ముగ్గురు పిల్లలకూ తలా ఎకరం. తండ్రి ఎకరం మళ్లీ తల్లికీ పిల్లలకూ తలా 25 సెంట్లు. చివరికి పిల్లలకు ఎకరం పాతిక సెంట్ల చొప్పున, తల్లికి 25 సెంట్లు. ఈ తల్లి వాటానే చాలా ఇళ్లలో మర్చిపోతారు.

అపోహ: 1985కి ముందు పెళ్లయినవాళ్లకు రాదు.

వాస్తవం: అది పాత చట్టం. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రం ఆడపిల్లలకు వాటా ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండాలన్న వాదననూ 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో తేలిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామంటే మామూలుగా నిలవదు.

అపోహ: పసుపు కుంకుమ కింద ఇస్తామన్న పొలానికి కాగితం అక్కర్లేదు.

వాస్తవం: భూమి దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అన్నదమ్ములు మాట మీద నిలబడతారు, చిక్కు వాళ్ల పిల్లల కాలంలో వస్తుంది. పెళ్లినాడే రాయించడం మేలు.

అపోహ: ‘నాకు వాటా వద్దు’ అని తెల్లకాగితం మీద రాసిస్తే చాలు.

వాస్తవం: చాలదు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. అన్నయ్య పేరిట పాస్‌బుక్ ఉన్నంత మాత్రాన చెల్లెలి హక్కు పోదు. పొలం అమ్మే రోజున కొనేవారి వకీలు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి ఆమె సంతకం అడుగుతాడు. ఆమె హైదరాబాదులోనో సూరత్‌లోనో ఉంటే బేరం అక్కడే ఆగుతుంది. అందరూ సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మాట్లాడుకుని, పండగ సెలవులు అయ్యాక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లడం మంచిది.

అపోహ: వీలునామాకు స్టాంపు కాగితం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

వాస్తవం: రెండూ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, అది చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి పొందేవారినీ వారి భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టకండి.