వేడి చేశారా, ఉడికించారా? పండ్ల గుజ్జుపై ఎడతెగని కస్టమ్స్ పేచీ

ఓడరేవులో ఒక డ్రమ్ము పండ్ల గుజ్జు దిగింది. అందులో పండు తప్ప మరేమీ లేదు. చక్కెర లేదు, రంగు లేదు. దాని మీద సుంకం ఎంతో తేల్చాలంటే అది ఏ పండో తెలిస్తే చాలదు, దాన్ని ఎందుకు వేడి చేశారో కూడా తెలియాలి. కస్టమ్స్ పట్టికలో ప్రతి రకం సరుకుకూ హెడింగ్ అనే నాలుగంకెల నంబరు ఉంటుంది, సుంకం దాన్ని బట్టే. చెడిపోకుండా ఉండటానికి మాత్రమే వేడి చేసి ఉంటే అది 2008 హెడింగ్ కిందికి వెళ్తుంది. చిక్కబడేదాకా ఉడికించి ఉంటే జామ్, జెల్లీ, మార్మలేడ్‌ల సరసన 2007లో చేరుతుంది. పచ్చి గుజ్జునే గడ్డకట్టించి పంపితే 0811. అక్కడ అది తయారీ సరుకు కాదు, ఇంకా పండే.

ఇలాంటి పేచీలు కొత్తవేమీ కావు. వాటిలో బాగా పేరుపడ్డది టమాటా కేసు. 1883 నాటి అమెరికా సుంకాల చట్టం కూరగాయల మీద 10 శాతం పన్ను వేసి, పండ్లను వదిలేసింది. టమాటా వృక్షశాస్త్రం ప్రకారం పండే కదా, కట్టిన పన్ను తిరిగి ఇవ్వండి అంటూ నిక్స్ కుటుంబానికి చెందిన వ్యాపారులు న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టర్ ఎడ్వర్డ్ హెడన్ మీద దావా వేశారు. 1893లో సుప్రీంకోర్టు వాళ్ల వాదనను కొట్టేసింది. జనం దాన్ని భోజనంలో కూరగాయగానే తింటారు, భోజనం ముగిశాక పండులా కాదు, కాబట్టి సుంకం లెక్కలో అది కూరగాయే అంది. ఆ తీర్పు అమెరికాకే పరిమితం. అయినా ఇవాళ్టి అంతర్జాతీయ పట్టికలోనూ టమాటా కూరగాయల వైపే ఉంది. టమాటా ప్యూరీని, అంటే మెత్తటి గుజ్జును, ఎంత ఉడికించినా 2007కి రాదు, టమాటా సరుకుల హెడింగ్ 2002లోనే ఉంటుంది.

అప్పట్లో ఏ దేశం పట్టిక దానిదే. 1913లో బ్రస్సెల్స్‌లో గణాంకాల కోసం ఒక ఉమ్మడి జాబితా కుదిరింది కానీ అందులో ఉన్నవి 186 రకాలే. నానాజాతి సమితి 1931లో జెనీవా పట్టిక తెచ్చింది, 1937లో సవరించింది, ఆ తర్వాత యుద్ధం వచ్చిపడింది. మన కథకు అసలు పునాది సుంకాల కోసం సరుకులను వర్గీకరించిన 1950 నాటి బ్రస్సెల్స్ ఒప్పందం. అది 1959లో అమల్లోకి వచ్చింది. అందులో 20.05 హెడింగ్ జామ్‌లు, జెల్లీలు, ప్యూరీలు, పేస్టులకు చోటిచ్చి, అవి ‘ఉడికించి తయారుచేసినవి’ అయి ఉండాలని షరతు పెట్టింది. పక్కనే 20.06లో ‘మరో విధంగా తయారుచేసిన లేదా నిల్వ చేసిన’ పండ్లు. 1983లో కుదిరి 1988 జనవరి 1న అమల్లోకి వచ్చిన హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో, అంటే ఇవాళ్టి అంతర్జాతీయ పట్టికలో, నంబర్లు 2007, 2008 అయ్యాయి. షరతు మాత్రం అలాగే వచ్చింది.

ఇంట్లో జామ్ చేసుకునేవాళ్లకు ఉడికించడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలో అది అంత తేలిక కాదు. పాశ్చరైజ్ చేయడమూ వేడి చేయడమే. మరి అది ఉడికించినట్టేనా? ఎవరికి ఏ హెడింగ్‌లో సుంకం తక్కువ పడితే వాళ్లు అటు లాగారు. చివరికి ఆ పట్టిక 2002వ సంవత్సరపు ఎడిషన్‌లో, ఈ హెడింగ్‌లున్న 20వ అధ్యాయానికి 5వ నోట్ చేర్చారు. దాని ప్రకారం ఉడికించడం అంటే సాధారణ పీడనంలో గానీ, తగ్గించిన పీడనంలో గానీ వేడి చేసి, నీటిని తగ్గించడం ద్వారానో ఇతర మార్గాల్లోనో చిక్కదనం పెంచడం. అంటే ఎంత వేడి చేశారన్నది కాదు, చిక్కబరచడానికి చేశారా లేదా అన్నదే లెక్క. నా దృష్టిలో ఇది సగం పరిష్కారమే. ‘ఇతర మార్గాలు’ అనే మాట ఎంత దూరమైనా సాగుతుంది. పైగా కొన్ని పండ్ల గుజ్జు పుట్టుకతోనే చిక్కన. ల్యాబ్‌లో చిక్కదనం కొలవొచ్చు గానీ, అది పండుదో బాయిలర్‌దో ఆ అంకె చెప్పదు.

చక్కెర దగ్గర చిక్కు ఇంకో రకం. యూరోపియన్ యూనియన్‌లో ల్యాబ్ వాళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి కరిగి ఉన్న పదార్థాన్ని కొలిచే పరికరం) రీడింగ్ తీసి, 2007 సరుకైతే దాన్ని 0.95తో, 2008లోని చాలా పండ్లకైతే 0.93తో గుణిస్తారు. వచ్చిందే చక్కెర శాతం. 2007లో 13 శాతం, 30 శాతం దగ్గర గీతలున్నాయి. 30 దాటితే మామూలు సుంకం మీద బరువును బట్టి అదనపు సుంకం పడుతుంది. ఈ లెక్కకు పండులోని సహజ చక్కెర, కలిపిన చక్కెర అన్న తేడా లేదు. ఒక్క గింజ చక్కెర వేయకపోయినా, బాగా ఇగిర్చిన ప్యూరీ ఆ గీత దాటేస్తుంది. చక్కెర దిగుమతులకు వేసిన కంచెలో పండు వచ్చి ఇరుక్కున్నట్టు!

అలాగని పట్టికకు అంకెలతో తేల్చడం చేతకాదని కాదు. టమాటా రసంలో ఘనపదార్థం 7 శాతం లేదా అంతకు మించితే అది రసం కాదు, 2002 సరుకే. పసిపిల్లల కోసం మెత్తగా రుబ్బి, 250 గ్రాములకు మించని డబ్బాల్లో చిల్లర అమ్మకానికి పెట్టిన ఉడికించిన ప్యూరీకి 2007.10 అనే సొంత ఉపశీర్షిక ఉంది. పండ్ల ప్యూరీ విషయంలోనే అలాంటి గీత గీయకుండా తయారీ పద్ధతి మీద వదిలేశారు.

అందుకే సరుకు ఓడ ఎక్కకముందే తేల్చుకోవడం మేలు. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం, అడిగినవారికి కస్టమ్స్ శాఖలు ముందస్తు రూలింగ్, అంటే సరుకు ఏ హెడింగ్‌లోకి వస్తుందో ముందే తేల్చే నిర్ణయం, ఇవ్వాలంటోంది. ఆ దరఖాస్తుతో పాటు ల్యాబ్ రిపోర్టు ఒక్కటే పంపితే సరిపోదు. గుజ్జును ఎన్ని డిగ్రీల్లో ఎంతసేపు ఉంచారు, ఇవాపరేటర్‌లోకి (నీటిని ఆవిరి చేసే యంత్రం) వెళ్లేముందు బ్రిక్స్ (కరిగి ఉన్న చక్కెర కొలత) ఎంత, బయటికొచ్చాక ఎంత, అసలు ఇవాపరేటర్ వాడారా లేదా అన్నది రాసి ఉన్న ప్రాసెస్ చార్ట్ కూడా జతచేయాలి.