అమెరికా ప్రైమరీలు: ఫిబ్రవరిలో ఓడినవాళ్లు మార్చిలో ఎలా గెలుస్తారు? (అపోహలు - వాస్తవాలు)

ఒక తెలుగు పత్రిక అంతర్జాతీయ డెస్కులో ఐదు అమెరికా అధ్యక్ష ఎన్నికలకు వార్తలు రాశాను. ఎన్నికల ఏడాది జనవరి వచ్చిందంటే ప్రైమరీల గురించి, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునేందుకు రాష్ట్రాలవారీగా జరిగే పోలింగు గురించి, పాఠకుల నుంచి అవే సందేహాలు వస్తాయి. అందులో కొన్ని ఒకప్పుడు నావి కూడా.

అపోహ: అయోవా, న్యూ హ్యాంప్‌షైర్‌లలో ఓడితే ఇక ఇంటికే

2020 ఫిబ్రవరిలో నేనూ అలాగే అనుకున్నాను. డెమొక్రటిక్ అభ్యర్థిత్వానికి పోటీపడిన జో బైడెన్‌ది అయోవాలో నాలుగో స్థానం. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదో స్థానం, 8.4 శాతం ఓట్లు, ఒక్క డెలిగేట్ (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధి) కూడా రాలేదు. లెక్కింపు పూర్తి కాకముందే ఆయన సౌత్ కరోలినాకు వెళ్లిపోయారు. ఆయన పని అయిపోయిందన్న అర్థం వచ్చేలా నేను శీర్షిక పెట్టాను. నెల తిరక్కముందే అది తప్పని తేలింది. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే జాగ్రత్తగా చూసి ఉంటే అది ముందే అర్థమయ్యేది.

అప్పట్లో అందరికంటే ముందు పోలింగ్ జరిగిన ఈ రెండు రాష్ట్రాల జనాభాలో శ్వేతజాతీయులే అత్యధికులు. సౌత్ కరోలినా డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేసేవాళ్లలో సగానికి పైగా నల్లజాతివారు. ఒబామా పక్కన ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉన్న బైడెన్ వాళ్లకు బాగా తెలిసిన మనిషి. పోలింగుకు మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 26న, ఆ రాష్ట్రంలో ఎంతో పలుకుబడి ఉన్న అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఆయనకు మద్దతు ప్రకటించారు. 29న బైడెన్‌కు దాదాపు సగం ఓట్లు పడ్డాయి. ఆయన ప్రత్యర్థుల్లో మర్నాడు పీట్ బుటిజెజ్, ఆ మర్నాడు ఎమీ క్లోబుషార్ బరిలోంచి తప్పుకున్నారు. మార్చి 2న ఇద్దరూ డాలస్ వచ్చి బైడెన్‌కే ఓటేయమన్నారు. మార్చి 3, ఒకేసారి చాలా రాష్ట్రాల్లో పోలింగ్ జరిగే సూపర్ ట్యూజ్‌డే నాడు 14 రాష్ట్రాల్లో 10 బైడెన్ గెలిచారు. మూడు రోజుల్లో ఆయన కొత్తగా చేసిన ప్రచారం పెద్దగా లేదు. ఒకే తరహా ఓటర్ల కోసం పోటీపడుతున్న ముగ్గురిలో ఇద్దరు పక్కకు జరిగారు, చీలిన ఓటు ఒక చోటికి చేరింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఓడిపోతే నేను రెండు విషయాలు చూస్తాను. తర్వాత పోలింగ్ జరిగే రాష్ట్రంలో ఓటర్లు ఎవరు? వాళ్ల ఓటును ఇంకెంతమంది పంచుకుంటున్నారు?

అపోహ: దేశవ్యాప్త సర్వేల్లో ముందున్నవారే గెలుస్తారు

2007లో చాలాకాలం రిపబ్లికన్ సర్వేల్లో న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీదే మొదటి స్థానం. తొలి రాష్ట్రాలను పెద్దగా పట్టించుకోకుండా ఫ్లోరిడా మీదే ఆశలన్నీ పెట్టుకున్నారు. ఈలోగా న్యూ హ్యాంప్‌షైర్, సౌత్ కరోలినా గెలిచిన జాన్ మెకెయిన్ పేరే అంతటా వినిపించింది. 2008 జనవరి 29న ఫ్లోరిడాలో జూలియానీ మూడో స్థానంతో సరిపెట్టుకుని మర్నాడే తప్పుకున్నారు. ఆ మెకెయిన్ ప్రచారమైతే అంతకు ఆరు నెలల ముందు డబ్బుల్లేక మూతపడే స్థితికి వచ్చింది.

అపోహ: ఎక్కువ ఓట్లు వస్తే గెలిచినట్టే

పార్టీ అభ్యర్థిని తేల్చేది డెలిగేట్ల లెక్క. డెమొక్రటిక్ పార్టీలో 15 శాతం దాటినవాళ్లకు ఓట్ల దామాషాలో డెలిగేట్లను పంచుతారు. అందులో ఎక్కువ భాగం నియోజకవర్గాలవారీగా సాగుతుంది. ఒక నియోజకవర్గంలో నాలుగు డెలిగేట్ స్థానాలుంటే, 55 శాతం తెచ్చుకున్నవారికీ 45 శాతం తెచ్చుకున్నవారికీ చెరి రెండు. మూడు స్థానాలున్న చోట ఒక్క శాతం ఆధిక్యం వచ్చినా 2-1. 2008లో నెవాడాలో హిల్లరీ క్లింటన్ ముందు నిలిచినా, ఆ రోజు లెక్కల్లో ఒబామాకు ఒక డెలిగేట్ ఎక్కువ రావడానికి కారణం ఇదే.

రిపబ్లికన్లకు కొన్ని రాష్ట్రాల్లో మొదటివారికే అన్నీ ఇచ్చే పద్ధతి ఉంది. 2016లో ఫ్లోరిడాలో ట్రంప్‌కు సగం ఓట్లు కూడా రాలేదు, కానీ 99 డెలిగేట్లూ ఆయనవే. సొంత రాష్ట్రంలో ఓడిన మార్కో రూబియో ఆ రాత్రే తప్పుకున్నారు. ఈ నిబంధనలు చదవకుండా ఫలితాల మీద విశ్లేషణ రాయకూడదని నా గట్టి నమ్మకం.

అపోహ: గెలిచినవాళ్లకు ఢోకా లేదు

1968లో న్యూ హ్యాంప్‌షైర్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు 49 శాతం, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీకి 42 శాతం వచ్చాయి. గెలిచింది జాన్సనే. కానీ పదవిలో ఉన్న అధ్యక్షుడికి అంత తక్కువ ఆధిక్యమా అన్నదే వార్త అయింది. నాలుగు రోజులకు రాబర్ట్ కెన్నెడీ కూడా పోటీకి దిగారు. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు.

అపోహ: డబ్బుంటే చాలు

చాలదు. మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2020లో దాదాపు వంద కోట్ల డాలర్ల సొంత డబ్బు ఖర్చు పెట్టి అమెరికా అధీనంలోని చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే గెలిచారు.

అపోహ: ప్రైమరీ పార్టీవాళ్ల గొడవ, మనకెందుకు?

అక్కడ పౌరసత్వం వచ్చిన మనవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే బాధగా ఉంటుంది. టెక్సస్‌లో ఉండే మా పిన్ని కొడుకు, "పార్టీ సభ్యత్వం లేదు కదన్నయ్యా, నాకు ఓటెక్కడిది?" అని అడిగాడు. టెక్సస్‌లో ఓటరుగా నమోదైతే చాలు, పార్టీ పేరుతో నమోదు ఉండదు. ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేయొచ్చు. పెన్సిల్వేనియాలో అలా కాదు, ఆ పార్టీ పేరుతో నమోదై ఉండాలి. అందుకే మీ రాష్ట్రం నిబంధన, నమోదు గడువు ముందే కనుక్కోండి. ఇంకో మాట. ముందస్తు ఓటు వేసే సౌకర్యం ఉన్నా, రేసు గందరగోళంగా ఉంటే తొందరపడొద్దు. 2020లో సూపర్ ట్యూజ్‌డే రాష్ట్రాల్లో ముందే బుటిజెజ్‌కూ క్లోబుషార్‌కూ ఓటు వేసిన ఎంతోమందికి, పోలింగ్ నాటికి ఆ ఇద్దరూ బరిలో లేకుండా పోయారు.