పవర్ టిల్లర్ స్పీడు నిలవకపోతే: గవర్నర్ మీద వేసే నిందలు, అసలు కారణాలు

వంశధార కాలువలకు నీళ్లు వచ్చి ఉభాలు (వరి నాట్లు) మొదలైతే చాలు, నరసన్నపేట, టెక్కలి వైపు పాత పవర్ టిల్లర్లన్నిటికీ ఒకటే రోగం: ఇంజిన్ స్పీడు నిలవదు. యజమాని రోగంతో పాటు కారణాన్నీ తానే తేల్చుకుని వస్తాడు. "మేస్త్రీ, గవర్నర్ పోయింది." విప్పి చూస్తే నిజంగా గవర్నర్ పోయిన బండి అరుదు. నేను చెప్పేది ఒంటి సిలిండర్ డీజిల్ టిల్లర్ల సంగతి. పెట్రోలు వీడర్లు వేరు. వాటిలో స్పీడు ఊగితే ముందు కార్బురేటర్ జెట్‌లో చెత్త చూడాలి.

అపోహ: స్పీడు పెరుగుతూ తరుగుతూ ఉంటే గవర్నర్ చెడినట్టే.

గవర్నర్ అంటే ఇంజిన్ స్పీడును ఒకే తీరున నిలిపే భాగం. అందులో ఇంజిన్‌తో పాటు తిరిగే బరువులు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి, స్ప్రింగు లాగి పెంచుతుంది. మీ చేతిలోని యాక్సిలరేటర్ చేసేదల్లా ఆ స్ప్రింగు బిగువు మార్చడమే. డీజిల్‌లో గాలి బుడగ అడ్డుపడితే ఇంజిన్ కుంగుతుంది, గవర్నర్ డీజిల్ పెంచుతుంది. బుడగ దాటగానే ఇంజిన్ ఎగురుతుంది, గవర్నర్ మళ్లీ తగ్గిస్తుంది. బయటికి ఊగుడుగా వినిపించేది ఇదే. ఇందులో గవర్నర్ తప్పేమీ లేదు.

అరగంట బాగా నడిచి, ఆ తర్వాత నీరసపడే బండి వస్తే నేను ముందు పట్టుకునేది డీజిల్ ట్యాంకు మూత. దానికి సన్నని గాలి రంధ్రం ఉంటుంది. దమ్ములో చిమ్మిన బురద ఎండి దాన్ని పూడుస్తుంది. వాననీరు పోకూడదని మూత కింద పాలిథీన్ ముక్క పెట్టి బిగించేవారూ ఉన్నారు, వాళ్లకు చెప్పి చెప్పి విసుగొచ్చింది. డీజిల్ ఖర్చయిన చోటికి గాలి రాకపోతే ఇంజిన్‌లోకి డీజిల్ నెట్టే పంపుకు అది సరిగా దిగదు. స్పీడు పడిపోయినప్పుడు మూత విప్పండి. స్స్‌మని గాలి పీల్చుకుని, కాసేపటికి ఇంజిన్ కోలుకుంటే జబ్బు దొరికినట్టే. మందు గుండుసూది.

అది కాకపోతే డీజిల్ ఫిల్టర్. దాని మీది గాలి తీసే స్క్రూను కొద్దిగా వదులు చేస్తే మొదట నురగ వస్తుంది. బుడగల్లేని ధార వచ్చేదాకా ఆగి బిగించాలి. గంటలో మళ్లీ నురగ కట్టిందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది: పగిలిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, నలిగిన వాషర్. చాలాసార్లు అక్కడ డీజిల్ తడి కూడా కనిపిస్తుంది. తర్వాత యాక్సిలరేటర్ కేబుల్. వానల్లో తుప్పు పట్టి, చేతి దగ్గర లివర్ పూర్తిగా లాగినా పంపు దగ్గర సగమే కదులుతుంది. ఇవన్నీ చూశాకే గవర్నర్ మూత విప్పే మాట.

అపోహ: సీలు తెంపి గరిష్ఠ స్పీడు స్క్రూ తిప్పితే బలం పెరుగుతుంది.

మోత పెరుగుతుంది. మడిలో చక్రాన్ని తిప్పే బలం కావాలంటే గేరు తగ్గించాలి. కనెక్టింగ్ రాడ్, దాని బోల్టుల మీద పడే జడత్వ బలం స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిమిషానికి 2400 చుట్లకు తయారైన ఇంజిన్‌ను 2880కి తిప్పితే పెరిగిన స్పీడు 20 శాతం, బోల్టుల మీద పెరిగిన ఆ భారం 44 శాతం. పాత బోల్టుకు అది తట్టుకునే వయసు కాదు. చెవితో స్పీడు కట్టే మెకానిక్‌ను నేను నమ్మను. ఫ్లైవీల్ మీద మెరిసే స్టిక్కరు అంటించి, చుట్లు లెక్కపెట్టే టాకోమీటరు చూపిస్తే అంకె దానంతటదే కనబడుతుంది. దమ్ములోకి దిగగానే స్పీడు కాస్త తగ్గడం మాత్రం జబ్బు కాదు, ఈ రకం గవర్నర్ తీరే అంత.

అపోహ: నల్లపొగ వస్తోందంటే డీజిల్ పంపు తగ్గించాలి.

పంపు జోలికి వెళ్లకండి. నల్లపొగతో కుంగితే గాలి చాలడం లేదు, లేదా లోడు మించింది. ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో తిరిగే బండ్ల ఎయిర్ క్లీనర్ విప్పితే, దుమ్ము పట్టే ఆయిల్ గిన్నె అడుగున ఇసుక ముద్ద కట్టి ఉంటుంది. పొగ లేకుండా కుంగితే డీజిల్ అందడం లేదు. ఇంజిన్ మోత మారకుండా బండి మాత్రమే ఆగుతుంటే అది బెల్టు జారడం, ఇంజిన్‌కు సంబంధం లేదు.

డీజిల్‌లో కిరోసిన్ కలిపితే సాఫీగా నడుస్తుందనేది కూడా అపోహే. పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజరుకు కందెన డీజిలే. కిరోసిన్‌తో అది త్వరగా అరుగుతుంది.

అపోహ: ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ నిండుగా పోస్తే దుమ్ము బాగా పడుతుంది.

ఇది ప్రమాదకరం. గీత దాటి పోసిన ఆయిల్‌ను ఇంజిన్ గాలితో పాటు పీల్చి మండిస్తుంది. అప్పుడు స్పీడు అదుపు తప్పి పెరుగుతూ పోతుంది, డీజిల్ కాక్ మూసినా ఆగదు. డీజిల్ మోతాదు మార్చే పంపు ర్యాక్ ఇరుక్కుని ఇంజిన్ పరుగెత్తితే కాక్ మూశాక పైపులో ఉన్నది అయిపోయి ఆగుతుంది. ఆయిల్ మండుతుంటే గాలి ఆపడం ఒక్కటే దారి. ఫ్లైవీల్‌కు ఎదురుగా నిలబడకుండా, గాలి పీల్చే నోటికి చెక్క పలక గట్టిగా అదమండి. చెయ్యి పెట్టకండి, గుడ్డ పెడితే లోపలికి లాగేసుకుంటుంది. ఆగాక వెంటనే స్టార్ట్ చేయకుండా గిన్నెలో ఆయిల్ గీత దాకా తగ్గించి, గాలి పైపు లోపల తుడిచి, ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. మట్టం పెరిగి డీజిల్ వాసన వేస్తుంటే ఆ ఆయిల్ మొత్తం మార్చాలి, డీజిల్ ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవాలి.