కంచె కంటే ముందు నేల చూడాలి

షెల్టర్‌లో కుక్కలకు ఆటస్థలం కడదామనగానే మాటలన్నీ కంచె చుట్టూ తిరుగుతాయి. ఎంత ఎత్తు ఉండాలి, ఏ జాలీ వేయాలి, గేటు ఎటు పెట్టాలి? కంచె ముఖ్యమే, కాదనను. కానీ హైదరాబాద్ లాంటి ఊళ్ళో కుక్క ప్రాణం మీదికి వచ్చేవి చాలావరకు కాళ్ళ కింది నుంచే వస్తాయి. కాలిన బండలు, పేగులను దెబ్బతీసే పార్వో వైరస్, పేగుల్లో చేరి రక్తం తాగే కొంకిపురుగులు, నీళ్ళు నిలిచిన చోట ఎలుకల వల్ల వచ్చే లెప్టో జబ్బు అన్నీ నేలతో ముడిపడినవే. అందుకే డబ్బులు తక్కువగా ఉంటే ముందు నేల మీదే ఖర్చు పెట్టమంటాను.

ఆట ఎందుకు అనే ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అమెరికాలోని ఒక షెల్టర్‌లో కుక్కల రక్తం పరీక్షించి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. వచ్చిన మొదటి మూడు రోజుల్లో వాటిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, ఇళ్ళలో పెరిగే కుక్కలతో పోలిస్తే దాదాపు మూడింతలు ఉంది. వీధిలో తన ఇష్టానికి తిరిగిన కుక్కకు నాలుగు గోడల కెన్నెల్ ఎంత టెన్షనో ఊహించవచ్చు. పైగా బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోని వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలకూడదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే కొన్ని కుక్కలు ఏళ్ళ తరబడి షెల్టర్‌లోనే బతకాలి. వాటికి ఆటస్థలం తిండీ నీళ్ళంత అవసరం.

ముందు వేడి సంగతి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ఆ రకం చెమట గ్రంథులు అరికాళ్ళ మెత్తల్లోనే ఉంటాయి, వాటితో ఒళ్ళు చల్లబడేది అంతంత మాత్రం. రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసుకోవడమే దానికున్న అసలు దారి. మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే ఒంటి వేడి 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. మే నెలలో గాలి 42 డిగ్రీలు ఉంటే, ఎండలో ఉన్న సిమెంటు, తారు, షాబాద్ బండలు అంతకంటే ఎంతో ఎక్కువ కాలిపోతాయి. ప్లాస్టిక్ పచ్చిక ఇంకా దారుణం. చూడ్డానికి పచ్చగా ఉంటుంది కాబట్టి చాలామంది దాతలు అదే ఇస్తామంటారు. దయచేసి వద్దనండి. కుక్కలను వదిలే ముందు అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీ చెయ్యి ఆగలేకపోతే వాటి పాదాలూ ఆగలేవు. బండలు ఎండ పోయాక కూడా చాలాసేపు వేడి వదులుతూనే ఉంటాయి కాబట్టి, సాయంత్రం ఐదైంది కదా అని గేటు తీయకండి.

వానాకాలం ఇంకో రకంగా మోసం చేస్తుంది. గాలి చల్లగా అనిపిస్తుంది, కానీ తేమ ఎక్కువైతే నాలుక మీది తడి తొందరగా ఆవిరి కాదు. రొప్పినా ఫలితం తక్కువ. ఆటలో ఉన్న కుక్క నాలుకను గమనించండి. చివర వెడల్పై గరిటెలా బయటికి వేలాడుతూ, చిగుళ్ళు బాగా ఎర్రబడితే ఆట ఆపి నీడకు తీసుకెళ్ళాలి. తూలుతూ ఉంటే వెంటనే మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి, ఫ్యాను పెట్టి, ఆ తరువాతే డాక్టరు దగ్గరికి బండి ఎక్కించాలి. చల్లబరచకుండా ట్రాఫిక్‌లో పడితే దారిలోనే ప్రాణం పోవచ్చు.

ఇక పార్వో. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి, నీడలో తడిగా ఉంటే ఏడాది దాకా కూడా బతుకుతుంది. మట్టి మీద బ్లీచింగ్ చల్లితే పని చేయదు, మట్టిలోని సేంద్రియ పదార్థమే క్లోరిన్‌ను తినేస్తుంది. అందుకని టీకాల వరస పూర్తికాని కూనలను పెద్ద కుక్కల మట్టినేల మీద అసలు దించకూడదు. వాటికి వేరుగా, పైకప్పు నీడలో, కడగడానికి వీలైన గట్టి నేల కావాలి. ఎండలో కాలిపోతాయన్న షాబాద్ బండలే ఇక్కడ నీడలో బాగా పనికొస్తాయి. ముందు మలం, మట్టి పోయేలా కడిగి, ఆ తరువాత బ్లీచ్ కలిపిన నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచాలి.

పెద్ద కుక్కలకు మొరం నేల మంచిది, నీరు ఇంకిపోతుంది. నల్లరేగడి అయితే ముందు వాలు తీయాలి, పది అడుగులకు రెండు అంగుళాలు చాలు. గుంటల్లో నిలిచిన నీళ్ళలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్, అది మనుషులకూ వస్తుంది. ఇసుక గుంత కుక్కలకు ఇష్టమే, కానీ మలం ఏ పూటకాపూట తీయకపోతే వెచ్చటి తడి ఇసుకలో కొంకిపురుగు గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారానికల్లా పిల్లపురుగులు చర్మంలోకి దూరడానికి సిద్ధంగా ఉంటాయి. చెప్పుల్లేకుండా తిరిగే పనివాళ్ళ పాదాల్లోకి కూడా. పిడుదుల సంగతి వేరు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగి గోడ పగుళ్ళలోకి ఎక్కి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి గోడ పగుళ్ళు పూడ్చకపోతే పిడుదులు అంటించే టిక్ ఫీవర్ మళ్ళీ వస్తూనే ఉంటుంది.

కంచెకు కడీలు పాతి ఆరడుగుల జాలీ కట్టి, అడుగు లోతు భూమిలోకి దించితే తవ్వే కుక్కలు ఆగుతాయి. రెండు గేట్లు ఉండాలి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం మొక్కలు ఉంటే పీకేయండి. నీడకు వేపచెట్టు ఉంటే అంతకంటే ఏం కావాలి? కొండాపూర్‌లో 1.3 ఎకరాల్లో జీహెచ్‌ఎంసీ 2018లో డాగ్ పార్కు తెరిచింది. షెల్టర్‌కు అంత స్థలం దొరకకపోయినా ఫర్వాలేదు, చిన్న స్థలాన్ని రెండుగా విడదీసి వంతులవారీగా వాడుకోవచ్చు.

ఎవరిని ఎవరితో వదలాలన్నది అన్నిటికంటే కష్టమైన పని. ఆటకు పిలిచే కుక్క ముందుకాళ్ళు చాపి, ఛాతీ నేలకు వంచి, నడుము పైకెత్తుతుంది. గట్టిగా కొరికినట్టు చేసే ముందూ, చేశాకా ఈ సైగ ఎక్కువగా కనిపిస్తుందని జంతుప్రవర్తన పరిశోధకుడు మార్క్ బెకాఫ్ 1995లో రాశాడు. ఇది ఆటే, పోట్లాట కాదని అవతలి కుక్కకు చెప్పడమన్నమాట. తరిమేది, పారిపోయేది మధ్యమధ్యలో మారుతుంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఒకటే ఎప్పుడూ పారిపోతూ, తోక కడుపు కిందికి ముడుచుకుని మూలకు చేరితే వెంటనే విడదీయాలి. అందుకే మూలల్లో జాలీని ఏటవాలుగా కట్టమంటాను, ఇరుక్కోకుండా తప్పుకునే దారి దొరుకుతుంది.

కొన్ని కుక్కలు అసలు ఆడవు. బంతి విసిరితే భయపడతాయి. వాటికి వాసన పట్టే పని ఇవ్వండి. రెండు వారాలు రోజూ వాసనతో వెతికే పని చేసిన పెంపుడు కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు మునుపటికంటే తొందరగా నడిచాయని 2019లో ఒక అధ్యయనం చూపింది. మంచే జరుగుతుందన్న ఆశ పెరిగిందన్నమాట. భయస్తురాలైన కుక్కను మిగతావాటితో కలపకుండా రోజూ ఒక పావుగంట ఒంటరిగా వదిలి, చెట్టు కింద ఎండుటాకుల్లో గుప్పెడు డాగ్ ఫుడ్ చల్లండి. పక్కన నిలబడి పిలవకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.