‘మా చట్టం ఒప్పుకోదు’: ఒక సాకు పూర్వాపరాలు

1862 జులై 29న లివర్‌పూల్ ఎదురుగా ఉన్న బర్కెన్‌హెడ్ రేవు నుంచి ఒక కొత్త ఓడ పరీక్ష కోసమన్నట్టుగా బయలుదేరింది. అనుమానం రాకుండా అతిథులను కూడా ఎక్కించారు. కొంత దూరం పోయాక వాళ్లను చిన్న పడవలో వెనక్కి పంపేసి, ఓడ మాత్రం తన దారిన తాను వెళ్లిపోయింది. అజోర్స్ దీవుల దగ్గర దానికి ఫిరంగులు అమర్చి, అలబామా అని పేరు పెట్టారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన అది అరవైకి పైగా ఉత్తరాది నౌకలను పట్టుకుంది. వాటిలో చాలావాటిని తగలబెట్టింది.

ఆ ఓడ ఎవరి కోసం తయారవుతోందో అమెరికా కాన్సల్ ముందే పసిగట్టి, బ్రిటిష్ అధికారులకు ఆధారాలు పంపుతూనే వచ్చాడు. ఆ కాగితాలు జబ్బుపడిన ఒక ప్రభుత్వ న్యాయాధికారి దగ్గర రోజుల తరబడి కదలకుండా ఉండిపోయాయి. ఆపమన్న సలహా అందేసరికి ఆపడానికి ఓడ లేదు. యుద్ధం ముగిశాక అమెరికా పరిహారం అడిగింది. ‘పరాయి యుద్ధాలకు ఓడలు సమకూర్చడాన్ని అడ్డుకునే మా 1819 చట్టం ఇచ్చిన అధికారాలు ఇంతే, వాటి పరిధిలో చేయగలిగింది చేశాం’ అని బ్రిటన్ వాదించింది. జెనీవాలో సమావేశమైన మధ్యవర్తుల మండలి 1872లో ఈ వాదనను కొట్టేసింది. తటస్థ దేశంగా చేయాల్సిన పని చేయకపోయినందుకు సొంత చట్టంలోని లోటును అడ్డం పెట్టుకోవడం కుదరదని తేల్చి, కోటీ 55 లక్షల డాలర్లు బంగారం రూపంలో చెల్లించమంది. బ్రిటన్ చెల్లించింది. చట్టాన్ని 1870లోనే మార్చుకుంది కూడా.

అంతర్జాతీయ న్యాయంలో ఈ సూత్రం ఇప్పుడు నిర్వివాదం. ఇంటి చట్టం చూపించి బయటి బాధ్యత నుంచి తప్పించుకోలేరు. అయితే ఏ దేశపు కోర్టును అడిగినా తన రాజ్యాంగమే సర్వోన్నతమంటుంది. రెండు మాటలూ నిజమే, ఎవరి గడప లోపల వారికి. చిక్కల్లా ఈ రెంటికీ పైన తీర్పు చెప్పే మూడో పీఠం లేకపోవడం.

రాజ్యాంగాలు ఇంత పట్టుగా ఉండటానికి కారణం అహంకారం కాదు. ఇంగ్లండులో ఒప్పందాలు చేసుకునే అధికారం రాజుది, చట్టాలు చేసే అధికారం పార్లమెంటుది. ఒప్పందం దానంతట అదే చట్టమైపోతే, పరాయి రాజుతో ఒక సంతకం చేసుకుని సొంత పార్లమెంటును పక్కకు నెట్టేయవచ్చు. ఆ దారి మూసేయడానికే, ఒప్పందం దేశంలో అమలు కావాలంటే విడిగా చట్టం కావాలన్న నియమం స్థిరపడింది. దీని ఇబ్బంది కెనడాకు 1937లో తెలిసివచ్చింది. పని గంటలు, వారాంతపు సెలవు వంటి వాటిపై అంతర్జాతీయ కార్మిక ఒడంబడికలను కెనడా ఆమోదించింది. కానీ ఆ అంశాలు ప్రావిన్సుల పరిధిలోవి కాబట్టి కేంద్ర పార్లమెంటు చేసిన చట్టాలు చెల్లవని, అప్పట్లో కెనడాకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. మాట ఇచ్చింది ఒకరు, నిలబెట్టాల్సింది ఇంకొకరు.

అమెరికా ఇలాంటి ఇబ్బందిని చాలా ముందే చూసి 1787లో ఎదురు దారి పట్టింది. స్వాతంత్ర్య యుద్ధాన్ని ముగించిన 1783 సంధి ప్రకారం బ్రిటిష్ రుణదాతల బాకీలకు అడ్డు చెప్పకూడదు. రాష్ట్రాలు ఆ షరతును లెక్కచేయలేదు. అందుకే రాజ్యాంగంలోని ఆరో అధికరణం ఒప్పందాలను కూడా దేశపు సర్వోన్నత శాసనంలో భాగం చేసింది. చదవడానికి ఇంతకంటే స్పష్టమైన వాక్యం ఉండదు. అయినా 1829 నాటికే సుప్రీంకోర్టు, కొన్ని ఒప్పందాలు నేరుగా అమలవుతాయి, కొన్నిటికి చట్టం కావాలి అనే విభజన తెచ్చింది. మరణశిక్ష పడిన మెక్సికో పౌరుల కేసులను తిరిగి పరిశీలించాలని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో ఆదేశిస్తే, కాంగ్రెస్ చట్టం చేయనిదే ఆ ఆదేశం టెక్సాస్‌ను కట్టడి చేయదని అదే సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. అమెరికా బాధ్యత మాత్రం అలాగే ఉందని ఒప్పుకుంటూనే!

ఈ చిక్కుకు పండితులు సిద్ధాంతాలు కట్టారు. రెండు న్యాయవ్యవస్థలూ వేర్వేరు అని 1899లో జర్మన్ పండితుడు ట్రీపెల్ అన్నాడు. కాదు, రెండూ ఒకే వ్యవస్థ అన్నాడు ఆస్ట్రియాకు చెందిన కెల్సెన్. ఈ చర్చ పాఠ్యపుస్తకాల్లో ఎంత చోటు ఆక్రమించినా, కోర్టులు తమ అవసరాన్ని బట్టే నడుచుకున్నాయి.

బయటి వైపు మాత్రం తలుపు క్రమంగా బిగుసుకుంది. ఒక రాజ్యం బాధ్యతలు తప్పించుకోవడానికి తన రాజ్యాంగాన్ని మరో రాజ్యం ముందు పెట్టకూడదని నాటి శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం 1932లో, అప్పటి స్వతంత్ర నగరం డాన్‌జిగ్‌లోని పోలిష్ పౌరుల వ్యవహారంలో చెప్పింది. దేశాల మధ్య ఒప్పందాల నియమాలపై వచ్చిన 1969 నాటి వియన్నా ఒడంబడిక 27వ అధికరణంలో ఇదే నియమమైంది. 46వ అధికరణం ఒక చిన్న సందు వదిలింది. ఒప్పందం చేసుకునే అధికారానికి సంబంధించిన మౌలిక నియమాన్ని కొట్టొచ్చినట్టుగా ఉల్లంఘిస్తే తప్ప సమ్మతి చెల్లదనలేరు. నైజీరియా ఆ సందులోంచి రావాలని చూసింది. కామెరూన్‌తో 1975లో తమ దేశాధినేత సంతకం చేసిన సరిహద్దు ప్రకటనను అప్పటి పాలక మండలి అయిన సుప్రీం మిలిటరీ కౌన్సిల్ ఆమోదించలేదని వాదించింది. పొరుగు దేశపు రాజ్యాంగంలో ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఎవరికీ లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2002లో జవాబిచ్చింది. దేశాధినేత సంతకాన్ని నమ్మిన అవతలి దేశానిది తప్పెలా అవుతుంది?

చాలా సందర్భాల్లో పరిష్కారం అంత కష్టమేమీ కాదు: రాజ్యాంగాన్నే సవరించుకోవడం. భారత్ 1958లో పాకిస్తాన్‌కు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బేరుబారిలో సగం ఇస్తామని ఒప్పుకుంటే, భూభాగం వదులుకోవడానికి రాజ్యాంగ సవరణ కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1960లో తొమ్మిదో సవరణ వచ్చింది. 1992లో, యూరోపియన్ యూనియన్‌ను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం కోసం ఫ్రాన్స్ చేసిందీ ఇదే. అసలు ముడి, అడ్డొచ్చింది సవరణకు లొంగని మౌలిక సూత్రమైనప్పుడు పడుతుంది.

ఇటలీలో పడింది. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం పట్టుకుపోయి వెట్టిచాకిరీ చేయించిన ఒక ఇటలీ పౌరుడు జర్మనీపై దావా వేస్తే, ఆ దావా నడవవచ్చని ఇటలీ అత్యున్నత అప్పీలు కోర్టు 2004లో అంది. అంతటి ఘోరానికి, పరాయి కోర్టుల విచారణ నుంచి రాజ్యాలకుండే రక్షణ వర్తించదన్నది దాని తర్కం. ఇలాంటి కేసులు పెరిగాయి. నాజీ ఊచకోతకు బలైన గ్రీకు గ్రామస్థుల తరఫున, కోమో సరస్సు ఒడ్డున జర్మన్ ప్రభుత్వానికి చెందిన విల్లా విగోని అనే భవనం మీద చార్జి (పరిహారం వసూలు కోసం ఆస్తిపై పెట్టే హక్కు) కూడా నమోదైంది. జర్మనీ హేగ్‌కు వెళ్లి గెలిచింది. 2012 ఫిబ్రవరి 3న న్యాయస్థానం 12–3 మెజారిటీతో, నేరం ఎంత ఘోరమైనా ఒక రాజ్యాన్ని మరో రాజ్యపు కోర్టులో నిలబెట్టకూడదంది. ఇటలీ విధేయంగా 2013లో చట్టం చేసి కేసులు ఆపించింది.

2014 అక్టోబరులో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. హేగ్ తీర్పు తప్పు అని అది అనలేదు. అంతర్జాతీయ న్యాయం ఏమిటో చెప్పే అధికారం హేగ్‌దేనని ఒప్పుకుంది. కానీ మనిషి హక్కులు, కోర్టుకెక్కే హక్కు తమ రాజ్యాంగపు పునాది కాబట్టి, వాటిని కాదనే నియమం ఇటలీలోకి ప్రవేశించనే లేదంది. నా దృష్టిలో ఇది తెలివైన తీర్పే కాదు, నిజాయితీ గల తీర్పు కూడా. దాని ఖర్చు ఎవరు భరించాలన్నది మాత్రం తేల్చకుండా వదిలేసింది.

కేసులు మళ్లీ నడిచాయి. 2022 నాటికి రోమ్‌లోని గోథే ఇన్‌స్టిట్యూట్, జర్మన్ పురావస్తు సంస్థ వంటి ఆస్తుల వేలం దాకా వ్యవహారం వచ్చింది. ఏప్రిల్ 29న జర్మనీ మళ్లీ హేగ్ తలుపు తట్టింది. ఆ మర్నాడే ఇటలీ ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వుతో ఒక నిధి ఏర్పాటు చేసింది. జర్మన్ ఆస్తులు జప్తు చేయడానికి వీల్లేదు, గెలిచిన బాధితులకు నిధి నుంచి చెల్లిస్తారు. జర్మనీ తన అత్యవసర అభ్యర్థనను వెనక్కి తీసుకుంది. ఆ ఏర్పాటు సరైనదేనని రాజ్యాంగ న్యాయస్థానం 2023లో ఆమోదించింది. బాధితుడికి కోర్టు దక్కింది, జర్మనీకి రక్షణ దక్కింది. నాజీ సైన్యం చేసిన నేరానికి పరిహారం ఇప్పుడు ఇటలీ ఖజానా నుంచి వెళ్తోంది.